కంద పూసిన వేసవి

పువ్వును చూడటానికి జనం విరగబడితే పోలీసులు రావలసి వచ్చింది. 1926లో లండన్ క్యూ గార్డెన్స్‌లో జరిగిన సంగతి. ఆ పువ్వు సుమత్రా అడవుల్లోని టైటాన్ ఆరమ్. 1878లో బెక్కారి అనే ఇటలీ శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. మొదటిసారి పూయడానికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. దాదాపు మూడు మీటర్లు లేస్తుంది, కుళ్లిన మాంసం కంపు కొడుతుంది, రెండు మూడు రోజుల్లో కూలిపోతుంది. అమెరికాలో మా మేనల్లుడు ఎక్కడో తోటలో వరసలో నిలబడి చూసొచ్చి వీడియో పంపాడు. "మామయ్యా, ఇలాంటిది నువ్వు జన్మలో చూసుండవు" అన్నాడు.

చూశాను. ఢిల్లీ సరోజినీ నగర్‌లో, మా వంటింటి గుమ్మం పక్కన. అంత పెద్దది కాదు గానీ దానికి దగ్గరి చుట్టమే. మన కంద.

అప్పట్లో కింది అంతస్తు సర్కారీ క్వార్టర్లో ఉండేవాళ్లం. ముందు వేపచెట్టు, వెనక చారెడు పెరడు. బట్టల బేరాలకు ఢిల్లీ అంతా ఎగబడే ఆ బజారులోనే కూరగాయల వైపు వెళ్తే, దీపావళి ముందు జిమీకంద్ పేరుతో కంద గుట్టలు కనిపించేవి. పక్కింటి బనారస్ ఆవిడ మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి కొనిపించింది. "అమ్మాజీ, దీపావళికి ఇది తిననివాళ్లు మళ్లీ జన్మలో ఛఛూందర్ అయి పుడతారు" అని భయపెట్టింది. ఛఛూందర్ అంటే చుంచెలుక. అమ్మ పెద్ద దుంప వండి, రెండోదాన్ని తొలకరికి నాటాలని గోనెసంచిలో చుట్టి దాచింది. గోదావరి మనిషి కదా, విత్తనం మిగల్చకుండా ఏదీ తినదు.

మే నెలలో ఇల్లంతా ఒకటే కంపు. బనారస్ ఆవిడ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని వచ్చి, చుంచెలుక ఎక్కడో చచ్చిందని తీర్పు చెప్పింది. బీరువాలు జరిపాం, కాలువ కడిగించాం. చివరికి గోనెసంచి విప్పితే అందులో ఉంది. మట్టి లేదు, నీళ్లు లేవు, ఒక్క ఆకు లేదు. దుంప నడినెత్తిన ముదురు మెరూన్ రంగు గొడుగు తిరగేసినట్టు ఒక రేకు, దాని మధ్య ముడతలు పడ్డ ఊదా గడ్డ.

ఆ గడ్డ కిందే అసలు పూలు వందలకొద్దీ ఉంటాయి, అడుగున ఆడవి, వాటి పైన మగవి. పూసిన తొలి రాత్రి గడ్డ తనంతట తాను వేడెక్కుతుంది. ఆ వేడికే కంపు అంత దూరం పాకుతుంది. కుళ్లిన మాంసమనుకుని పెంకుపురుగులు లోపలికి దిగి చిక్కుకుంటాయి. మర్నాడు మగపూలు పుప్పొడి రాలిస్తే, దాన్ని ఒంటికి పూసుకుని ఇంకో పువ్వును వెతుక్కుంటూ పోతాయి. మా ఢిల్లీ పువ్వుకు ఆ రెండో పువ్వు ఎక్కడ దొరుకుతుంది పాపం!

పై అంతస్తు వాళ్లు దాన్ని బయట పారేయమన్నారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకట" అని అమ్మ తెలుగులోనే జవాబిచ్చింది. వాళ్లకు అర్థం కాకపోవడమే మంచిదైంది.

నాకు వింతగా తోచింది ఇంకొకటి. కోనసీమ కొబ్బరితోటల్లో కంద అంతరపంట. దేశమంతా సాగు చేసే గజేంద్ర రకం మన కొవ్వూరు పరిశోధన కేంద్రం ఇచ్చిందే. అయినా ఆ నేలలో పుట్టి పెరిగిన నేను అంతవరకు కందపువ్వు చూడలేదు. ఎలా చూస్తాను? దుంపను ముక్కలు కోసి నాటతాం, ఆ ఏడే తవ్వి వండుకుంటాం. కోతపడకుండా బాగా ఊరిన దుంప, నిద్ర తీరేదాకా ఎవరి కంటా పడకుండా ఉంటేనే పూత. సుమత్రా అడవుల్లో టైటాన్ వెయ్యి మొక్కలైనా మిగల్లేదని 2018లో అంచనా వేసి, అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు. దాని అడవిని నరికేస్తున్నారు. మన కందకు ఆ గతి లేదు, ఎకరాలకొద్దీ పండుతోంది. దాని పువ్వే అరుదు, అదీ మన నాలుక వల్ల. పులుసో వేపుడో అడిగే ఇంట్లో పూతకు వ్యవధి ఎక్కడిది?

నాలుగో రోజుకు పువ్వు వడిలింది. అమ్మ దాన్ని కోసేసి దుంపను పెరట్లో పాతింది. వానలకు పాముచర్మం లాంటి మచ్చల కాడ లేచి ఒకే ఒక్క ఆకు గొడుగులా విప్పుకుంది. చలికి అది పండిపోయాక తవ్వాం. బచ్చలి కోసం చిత్తరంజన్ పార్కు దాకా వెళ్లాను. బెంగాలీల పుణ్యమా అని అక్కడ దొరుకుతుంది. చింతపండు పులుసు పోసి, ఆవ పెట్టి అమ్మ కందబచ్చలి వండి పక్కింటికి గిన్నె పంపింది. బనారస్ ఆవిడ గిన్నె కడిగి తెచ్చి, కూర బాగానే ఉంది గానీ గరం మసాలా మర్చిపోయినట్టున్నారు అంది. మా అమ్మ ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు.