పొట్లం మీద పుట్టుపూర్వోత్తరాలు

ఈమధ్య మా తణుకులో ఏ పెళ్ళికి వెళ్ళినా పన్నీరు ముక్క కింద ఓ ఆకు పరుస్తున్నారు. లేతాకుపచ్చగా, అంచులు ముడతలు పడి ఉంటుంది. దాన్ని తిన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. పన్నీరు తిని, ఆకును పళ్ళెంతోపాటు డ్రమ్ములో పడేస్తారు. అదే పెళ్ళిలో కంద బచ్చలి మాత్రం ఉండదు. అడిగితే వడ్డించే కుర్రాడు, "ఇప్పుడెవరూ తినట్లేదండీ" అంటాడు. పెట్టందే తినేదెలా నాయనా?

ఈ మంట చల్లారకముందే మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ ఆ ఆకు విత్తనాలే మోసుకొచ్చాడు. లెట్యూస్. పొట్లం మీద 'ఎయిర్‌లూమ్' అని పెద్దక్షరాలు. "తాతల నాటి రకం మావయ్యా!" అన్నాడు, వాళ్ళ తాతే ఇచ్చినట్టు. ఒకటి బ్లాక్ సీడెడ్ సింప్సన్. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ వస్తోందట. అక్కడివాళ్ళకి ఈ ఆకంటే మోజు ఇవాళ్టిది కాదు. థామస్ జెఫర్సన్ అంతటివాడు ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ప్రతి సోమవారం పొద్దున్న ఓ దర్జీ వేలితొడుగు నిండా లెట్యూస్ గింజలు చల్లించాలని రాసిపెట్టుకున్నాడు. ఇలాంటి పాత విత్తనాల్ని కాపాడుకోడానికి 1975లో అక్కడ సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థే వెలిసింది. అదీ ఓ తాతగారు మనవరాలికిచ్చిన పూలతీగ గింజలతో మొదలైందే.

సరే, కార్తీకం వెళ్ళాక చల్లాం. దీని మీద మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. 1952లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు లెట్యూస్ గింజల మీద ఒక రకం ఎర్ర కాంతి వేసి మొలిపించారు, ఇంకో రకం ఎర్ర కాంతి వేసి ఆపేశారు. మొక్క వెలుతురును పసిగట్టే కీలకం అలా బయటపడింది. మా పెరట్లోనూ ధనుర్మాసమంతా ముచ్చటగానే పెరిగింది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిందో లేదో, నడుమ నుంచి కాడ ఎత్తింది. తుంపితే పాలు, నోట్లో పెట్టుకుంటే చేదు. దాన్ననేం లాభం? చలిదేశపు ప్రాణం. ఎండలు ముదిరి నేల కాగితే గింజ మొలవను కూడా మొలవదు.

మరి బచ్చలో? స్నానాలగది తూము పక్కన ఎవరూ వెయ్యకుండానే లేచి, గోడెక్కి, అవతలి వాళ్ళ పెరట్లోకి తొంగిచూస్తోంది. కాలవలు కట్టేసిన ఎండాకాలంలోనూ దాని ఆకు వాడలేదు. కాడ విరిచి గుచ్చితే బతుకుతుంది. పళ్ళు చిదిపితే ఊదారంగు సిరా. మా తీగ మా అమ్మ కాపురానికొస్తూ ఇరగవరం నుంచి తెచ్చుకున్నది. దీన్నే పొట్లంలో పెట్టి ఇంగ్లీషులో వంశచరిత్ర అచ్చేస్తే మా మేనల్లుడు డాలర్లిచ్చి కొనేవాడు. మనలో విత్తనాలకి మర్యాద చేసేవాళ్ళు లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్ళు పాత పంటల జాతర చేసి, ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరేగిస్తారు. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ ప్రైజు కూడా వచ్చింది. మన డెల్టాలోనో, కాటన్ దొర ఆనకట్ట పుణ్యమా అని వరి తప్ప మరోటి కంటికి ఆనదు.

కంద బచ్చలి సంగతి కొంచెం చెప్పనివ్వండి. చేతికి నూనె రాసుకుని కంద తరగాలి. అందులోని సన్నటి సూదుల్లాంటి ఆగ్జలేటు పలుకుల వల్లే దురద. చింతపండు పులుసు దాని పొగరణుస్తుంది. బచ్చలి, అల్లం, పచ్చిమిర్చి సరే. ప్రాణమంతా ఆవలో ఉంది. నీళ్ళతో నూరినప్పుడే ఆవ ఘాటెక్కుతుంది, వేడి తగిలితే ఆ ఘాటు చస్తుంది. అందుకని దించి, కాస్త చల్లారాకే కలపాలి. పొయ్యి మీదుండగానే కలిపేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు మాటల్లేవు.

ఈ విద్యలో మా పెద్దత్తని మించినవాళ్ళు లేరు. పెనుగొండలో ఉండేది. ఆవిడ పెరట్లో ఎర్రకాడ పెరుగు తోటకూర నా ఎత్తు పెరిగేది. బెల్లం వేసి ఆ కాడల పులుసు పెడితే, కాడ నమిలి పిప్పి ఊసే దాకా విస్తరి ముందు నుంచి లేచేవాళ్ళం కాదు. మా అమ్మ ఎన్నేళ్ళు అడిగినా విత్తనం మాత్రం రాల్చేది కాదు. "ఎక్కడికి పోతుందమ్మా, ఇస్తాలే" అనేది. కంకులు ఎండే వేళకి మాయం. చివరికి ఓ సంక్రాంతికి కొంగుముడి విప్పి, నల్లగా మెరిసే గింజలు దోసిట్లో పోసింది. అమ్మ ఇసుక కలిపి చల్లింది, చుట్టూ పసుపు గీత కూడా గీసింది. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు.

వేయించి ఇచ్చిందని అమ్మ. చీమలెత్తుకుపోయుంటాయని, తోబుట్టువుని వెనకేసుకొస్తూ నాన్న. ఆ తగువులో మా ఇంట్లో రెండు పూటలు పొయ్యి వెలగలేదు. ఆ ఏడు పెనుగొండలో గృహప్రవేశానికి నాన్న ఒక్కడే వెళ్ళాడు. పసుపు గీత దాటి వచ్చే చీమ ఏ ఊళ్ళో ఉందో చూపించమని అమ్మ చివరిదాకా అడుగుతూనే ఉంది. మా బావ ఇప్పటికీ చీమలే అంటాడు. వాళ్ళమ్మ కొడుకు, ఇంకేమంటాడు?