మావారి సీసా, మా ఇంటి పులుసు

రిటైరైన మగవాళ్ళు రకరకాలు. కొందరు కుండీల్లో మొక్కలు పెంచుతారు. కొందరు హోమియోపతి పుస్తకం తెచ్చుకుని ఇంటిల్లిపాదికీ పంచదార గోళీలు మింగిస్తారు. మావారు ఇవన్నీ వదిలేసి వైన్ మీద పడ్డారు. కంగారుపడకండి, తాగుడు మీద కాదు! ఏ వైన్ ఏ కూరలోకి నప్పుతుందీ అన్న పరిశోధన మీద.

దీనికి బీజం పడింది షిర్డీ యాత్రలో అంటే నమ్ముతారా? బాబా దర్శనమైంది, త్ర్యంబకేశ్వరమైంది. నాసిక్‌లో ఇక పంచవటి చూద్దామని నేనంటే, గంగాపూర్ డ్యామ్ దగ్గర ద్రాక్షతోటలున్నాయిట, అవీ చూద్దామన్నారీయన. తోటంటే తోటే కదా అని సరేనన్నాను. తీరా చూస్తే అది సూలా వారి వైన్ తోట. వాళ్ళ మొదటి వైన్ 2000లో బయటికొచ్చిందనీ, అక్కడ ద్రాక్షకోతలు జనవరి నుంచి మార్చి దాకా అనీ చెప్పి, ఓ అబ్బాయి గ్లాసులో రెండు గుక్కలు పోసి ముందు వాసన చూడమన్నాడు. ఈయన కళ్ళు మూసుకుని చూశారు చూశారు, ఎంతసేపు చూశారనీ! ముప్ఫై అయిదేళ్ళుగా నేను పెడుతున్న ఇంగువ పోపును ఏనాడూ అలా వాసన చూసిన పాపాన పోలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక సీసా కొనడం ఒక ప్రహసనం. మన దగ్గర మందు కొట్లన్నిటికీ బోర్డు మీద ‘వైన్స్’ అనే కదా ఉంటుంది! లోపలికెళ్ళి వైన్ అడిగితే మాత్రం కొట్టతను బిత్తరపోయి, “వైనా సార్?” అని మళ్ళీ అడిగి, స్టూలెక్కి, పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా దింపాడట. నేను ఆటోలో కొంగు నిండా కప్పుకుని కూర్చున్నాను, తెలిసినవాళ్ళెవరూ ఆ దారిన రాకుండా ఉంటే చాలని.

మొదటి ఆదివారం గోంగూర పచ్చడి, కాబెర్నే అనే ఎర్ర వైన్. ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలని ఎక్కడో చదివి, సీసాను అలమార్లో పెట్టారు. ఆ గది ఫ్రాన్సులో చలిదేశపు గది, పదహారు పద్ధెనిమిది డిగ్రీలది. మాది ఏప్రిల్ నెల హైదరాబాద్ గది. గోంగూరలో పండుమిరప కారం, ఆ పైన వెచ్చటి వైన్. ఆల్కహాల్ కారాన్ని రెచ్చగొడుతుంది గాని చల్లార్చదు. ఈయన ముఖం కందగడ్డ అయింది. “నోరంతా అదోలా పట్టేసిందే! దీన్నే టానిన్ అంటారు, ద్రాక్షతొక్కలో, గింజల్లో ఉంటుంది” అని మజ్జిగ గ్లాసు పట్టుకునే పాఠం చెప్పారు. పాఠమెందుకు, లేత వక్క నమిలితే తెలియదూ? వగరు! మనం ఒక్క ముక్కలో తేల్చేసే దానికి ఆ పుస్తకాల్లో పేజీలకు పేజీలు.

అక్కడితో ఆగితే నేనింత రాసేదాన్ని కాదు. వారం తిరక్కుండా, “ఈ వైన్‌కి పులుపు పడట్లేదు. పులుసులో చింతపండు సగానికి తగ్గించు, మిరపకాయలు అసలే వద్దు” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా అత్తగారు చేయి పట్టుకుని నేర్పిన పులుసది. పిల్లలు అమెరికా నుంచి దిగగానే ముందడిగేది అదే. నిన్నగాక మొన్నొచ్చిన సీసా కోసం దాన్ని మార్చాలా? “సీసాకి తగ్గ పులుసు నేను పెట్టను. పులుసుకి తగ్గ సీసా మీరు తెచ్చుకోండి” అన్నాను. రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు.

మూడో రోజున ఆయనే దిగొచ్చారు, చేతిలో పుస్తకంతో. “ఏమేవ్, విన్నావా? ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లమట. చింతపండులో ఉండేదీ అదేనట!” ఇంకేం, ఇద్దరూ చుట్టాలే. లడ్డూ తిన్న నోటితో కాఫీ తాగితే చప్పగా ఉండదూ? ఇదీ అంతే. పుల్లటి పులుసు తిన్న నోటికి తక్కువ పులుపున్న వైన్ నీళ్ళలా ఉంటుంది. కాబట్టి పులుపు తగ్గించాల్సింది నేను కాదు, పెంచుకోవాల్సింది ఆయన. ఈసారి షెనిన్ బ్లాంక్ అని తెల్లది తెచ్చారు. మంచి పులుపు, అడుగున కాస్త తీపి. పులుసులో మనం బెల్లం ముక్క ఎందుకేస్తాం, అందుకే ఆ తీపి కూడా. ఫ్రిజ్‌లో చల్లబరిచి ముక్కల పులుసుతో తాగారు. నేనూ రెండు చెంచాలు రుచి చూశాను. బాగుంది. బాగున్నదాన్ని బాగుందనడానికేం?

గుత్తివంకాయకు మాత్రం ఎర్రదే. షిరాజ్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే, వేరుసెనగపొడీ నూనే కలిసి ఆ వగరును లొంగదీశాయి. ఆవకాయ దగ్గర ఏ సీసా నిలవలేదు. ముద్దపప్పూ నెయ్యీ తప్ప మూడోవాళ్ళను అది రానివ్వదు. పెరుగన్నం జోలికి వెళ్ళొద్దని నేనే శాసించాను.

హద్దులు కూడా నావే. ఆయనకు బీపీ ఉంది. ఎంత తక్కువైనా ఫరవాలేదని చెప్పే వీల్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పనే చెప్పింది. అందుకని ఆదివారం ఒక్కపూట, పాలు కొలిచే గ్లాసుతో 100 మిల్లీలీటర్లు. గీత దాటితే పరిశోధన బంద్.

అసలు భయం అత్తగారి గురించి. దోసెలపిండి వెనక దాచిన సీసా ఓనాడు ఆవిడ కంటపడనే పడింది. “ఏమిటే ఇది?” అంటే, “ద్రాక్షరసం... పులిసిందత్తయ్యా” అన్నాను. అబద్ధమేం కాదుగా! ఆవిడ మూత వాసన చూసి, “వాడికి చిన్నప్పట్నుంచీ పులిసిందంటేనే ఇష్టం. తరవాణి కుండ దగ్గర్నుంచి కదిలేవాడు కాదు” అని తన జపమాల తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడకెంత అర్థమైందో నాకు ఇవాళ్టికీ అర్థం కాలేదు.

పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళలో ఈయన పేపర్లోంచి తలెత్తకుండా, ఏం తింటున్నదీ చూడకుండా తిని లేచేవారు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నానికే వంటింటి గుమ్మంలో నిలబడి, “రేపేం చేస్తున్నావు? మెంతులు వేస్తావా, ఆవపిండి పెడతావా?” అని అడుగుతున్నారు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగుతున్నారు. తర్వాత నోటుబుక్కులో రాసుకుంటున్నారు. మొన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తీసి చూశాను. వైన్ గురించి నాలుగు పేజీలుంటే, మా ఇంటి కూరల గురించి పదకొండున్నాయి. పచ్చిపులుసు పేజీలో మాత్రం రెండు ప్రశ్నార్థకాలు పెట్టి వదిలేశారు.