సున్నా వేరు, లెక్కలో లేకపోవడం వేరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు పూర్వ విద్యార్థులమైన మేము ముగ్గురం కలిసి ఆలోచించాము. మాలో ఇద్దరిది ఉదయగిరి వైపు, ఒకరిది ఆత్మకూరు దగ్గర పల్లె. ముగ్గురమూ హైదరాబాదులో డేటాబేస్ సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాము. హాస్టల్ జ్ఞాపకాలు చాలామంది రాస్తారు కనుక, మా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెబుదామనుకున్నాము. కంప్యూటరు చదవని వారికి కూడా అర్థం కావాలన్నదే మా ప్రయత్నం.

మీ మార్కులు, దరఖాస్తులు, రైలు టిక్కెట్లు అన్నీ ఎక్కడో ఒక కంప్యూటరులో పట్టికలుగా ఉంటాయి. ఆ పట్టికలను భద్రపరచి, అడిగిన వివరం తీసి ఇచ్చేదే డేటాబేస్ సర్వరు. మేము వాడే మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్‌లో పుట్టింది. దాని సోర్సు కోడ్‌ను ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని చదవవచ్చు, మార్చుకోవచ్చు. ఈ సర్వరు తన పని గురించి తానే లెక్కలు రాసుకుంటుంది. ఎన్ని కనెక్షన్లు వచ్చాయి, ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎన్నింటికి జవాబు ఆలస్యమైంది అని. వీటినే స్టేటస్ కౌంటర్లు అంటారు. డాక్టరుకు నాడి ఎలాగో మాకు ఈ కౌంటర్లు అలాగ.

2011లో మేము పనిచేసే కంపెనీ సర్వర్లను 5.1 వెర్షన్ నుంచి 5.5కు మార్చింది. మా దగ్గర వాడే మైఎస్‌క్యూఎల్‌లో కంపెనీవారు సొంతంగా చేర్చుకున్న కౌంటరు ఒకటి ఉండేది. 30 సెకన్లు దాటినా పూర్తికాని ప్రశ్నను సర్వరు మధ్యలో ఆపేస్తుంది. అలా ఎన్నింటిని ఆపిందో ఆ కౌంటరు చెబుతుంది. కొత్త వెర్షన్ పెట్టిన రోజు నుంచి గ్రాఫులో ఆ కౌంటరు సున్నా చూపిస్తూ వచ్చింది. కొత్త వెర్షన్ బ్రహ్మాండంగా ఉంది, ఒక్కటి కూడా ఆగడం లేదు అని ఆఫీసులో అందరూ సంతోషించారు.

ఆ వారంలోనే ఆత్మకూరు నెట్ సెంటరు నుంచి మన హాస్టల్ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. “అన్నా, కాలేజీ అప్లికేషన్ నొక్కితే తిరగతానే ఉండాది. మూడుసార్లు చేసినా. కస్టమర్ కేర్ వాళ్ళేమో మీ నెట్టే బాగలేదంటున్నారు” అన్నాడు. ఆ అప్లికేషన్ల సైటు వెనుక ఉన్నది మేము చూసే సర్వరే. కస్టమర్ కేర్ వారు అబద్ధం చెప్పలేదు. వారి ముందున్న తెర మీద సున్నా ఉంది. ఆ సున్నాను చూసి, తప్పు పిల్లవాడిదే అనుకున్నారు. అతను కూలి డబ్బులతో గంటకింత అని చెల్లించి కూర్చున్నాడు. చివరి తేదీకి రెండు రోజులే ఉంది.

ఆ రాత్రి మేము ఒక పరీక్ష చేశాము. 60 సెకన్లు ఊరకే నిద్రపొమ్మని సర్వరుకు ఒక ప్రశ్న ఇచ్చాము. 30 సెకన్లకు దానిని ఆపేసింది. అదే కనెక్షన్‌లో షో సెషన్ స్టేటస్ అని అడిగితే కౌంటరు 1 చూపింది. షో గ్లోబల్ స్టేటస్ అని అడిగితే మాత్రం సున్నా. అంటే సర్వరు లెక్కపెడుతోంది గానీ మొత్తంలో కలపడం లేదు.

సోర్సు కోడ్ తెరిచి చూశాము. ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఒక లెక్కల పట్టీ ఉంటుంది. మొత్తం చెప్పవలసి వచ్చినప్పుడు సర్వరు అన్ని పట్టీలనూ పైనుంచి కిందికి కూడుతూ వస్తుంది. ఎక్కడిదాకా కూడాలో చెప్పడానికి అందులో ఒక హద్దు గీత ఉంది. చివరి ప్రశ్నకు అయిన ఖర్చు వంటి, కూడితే అర్థం లేని అంకెలను ఆ గీత కింద ఉంచుతారు. కొత్త వెర్షన్‌లోకి మార్చేటప్పుడు ఎవరో మా కౌంటరును ఆ గీత కింద రాశారు.

మాలో ఆత్మకూరు వాడు వెంటనే నవ్వాడు. “ఇది మా హాజరు పట్టికే రా” అన్నాడు. అతను చదివిన ఒక హాస్టల్లో ఏడాది మధ్యలో చేరిన పిల్లల పేర్లు పేజీ అడుగున, మొత్తం గీత కింద రాసేవారట. రోజూ పేరు పిలుస్తారు, టిక్కు పెడతారు. కానీ వంట మనిషికి పంపే అంకె గీత పైదే. ఆ పిల్లలు హాజరులో ఉన్నారు, బియ్యం లెక్కలో లేరు. చివరి వరుసలో కూర్చున్నవారికి సాంబారు నీళ్ళే మిగిలేవి.

మేము చేసిన మరమ్మతు చిన్నదే. ఆ కౌంటరును గీత పైకి జరిపి, మళ్ళీ కంపైల్ చేసి, అదే నిద్ర పరీక్ష పెట్టాము. ఈసారి రెండు చోట్లా 1 వచ్చింది. పైవారి అనుమతితో తెల్లవారుజామున సర్వరులో పెట్టాము. పది గంటలకల్లా గ్రాఫు నిలువుగా లేచింది. అప్పుడు గానీ ఒక పెద్ద పట్టికకు ఇండెక్స్ లేదన్న సంగతి బయటపడలేదు. ఇండెక్స్ వేసిన తరువాత ప్రశ్నలు ఆగడం తగ్గిపోయింది. ఆ సాయంత్రమే తమ్ముడి దరఖాస్తు చేరింది.

ఇంకొక పని కూడా చేశాము. అంకె అందకపోతే గ్రాఫులో సున్నా వేయకుండా, ఖాళీగా వదిలి హెచ్చరిక పంపేటట్లు మార్చాము. ఎందుకంటే ఇలాంటివి మళ్ళీ మళ్ళీ జరుగుతాయి. 5.0.2 వెర్షన్ నుంచి షో స్టేటస్ అని మాత్రమే అడిగితే మొత్తం లెక్కకు బదులు ఆ ఒక్క కనెక్షన్ లెక్కే వస్తుంది. 2018లో విడుదలైన 8.0లో క్వెరీ క్యాష్‌నే తీసేశారు. దానితోపాటు దాని కౌంటర్లూ పోయాయి. పాత స్క్రిప్టులు రాని అంకెను సున్నాగా రాసుకుంటే చూసేవారికి తేడా తెలియదు. డేటాబేస్ భాషలో సున్నా వేరు, నల్ వేరు. సున్నా అంటే లెక్కపెట్టాము, ఏమీ లేదు అని. నల్ అంటే విలువే తెలియదు అని.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవారికి ఈ తేడా ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. ఫిర్యాదులు లేవు, బడి మానేసినవారు లేరు, ఆకలి లేదు అని ఏ కాగితంలోనైనా సున్నా కనిపిస్తే, ఎవరు లెక్కపెట్టారు, గీత ఎక్కడ గీశారు అని అడగండి. మీరు రేపు ఆఫీసరైనా, టీచరైనా, వార్డెనైనా, గీత కింద ఎవరి పేరైనా ఉందేమో ముందు చూడండి. ఇంగ్లీషు అని, పెద్ద కోడ్ అని భయపడవద్దు. మేము కూడా డిక్షనరీ పక్కన పెట్టుకునే చదివాము. కంప్యూటరు కోర్సు చేస్తున్నవారు ఎవరైనా ఆ సోర్సు చూడాలనుకుంటే, సెలవుల్లో మేము ఊరికి వచ్చినప్పుడు తప్పక కలవండి. కలిసి చదువుకుందాము.