కొత్త కోడలూ, కొత్త ఉద్యోగమూ

కొత్త ఉద్యోగానికీ కొత్త కాపురానికీ ఆట్టే తేడా లేదంటాను నేను. కోడలు వచ్చిన మర్నాడే పోపులడబ్బా సర్దబోతే ఏ అత్తగారు ఊరుకుంటుంది చెప్పండి? ఆవాలెక్కడ, మెంతులెక్కడ అన్నది ముందు తెలియాలి. అలాగని ఏడాది పొడుగునా మూలన నిలబడి చూస్తున్నా, "ఈ పిల్లకేమీ చాతకాదు" అంటారు. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది కిటుకు.

నేను 1984లో ఆత్మకూరులో ఉద్యోగంలో చేరాను. ఏ ఆఫీసో పేరెందుకు లెండి. మండలాలు 1985లో గదా వచ్చాయి, అప్పటికింకా తాలూకాలే. ఉదయగిరి వైపు ఊళ్ళు కూడా మా ఆఫీసు కిందే ఉండేవి. చేరగానే నాకిచ్చిన పని, వచ్చిన కాగితాలన్నీ రిజిస్టరులో ఎక్కించడం. డిగ్రీ చదివింది ఇందుకా అని మా అమ్మ దిగులుపడింది గాని, ఆ రిజిస్టరే నాకు బడి అయింది. ఏ కాగితం ఎవరి బల్ల మీదికి పోతుందో, ఎవరి బల్ల మీద నిద్రపోతుందో అందులోనే తెలిసేది.

ఒక ముసలామె వచ్చేది. ఉదయగిరి అవతల ఎక్కడో పల్లె. పెనిమిటి పోయాక రావలసిన డబ్బు కోసం తిరుగుతోంది. తెల్లవారుజామున మూడు మైళ్ళు నడిచి రోడ్డెక్కి, బస్సు పట్టుకుని ఆత్మకూరులో దిగేసరికి పదకొండు. ఒకసారి "చావు సర్టిఫికెట్టు ఏదీ?" అన్నారు. అది తెస్తే, వారసుల సర్టిఫికెట్టు. అదీ తెస్తే, ఫోటోలు. నాలుగోసారికి సాక్షి సంతకం. వచ్చినప్పుడల్లా ఒకనాటి కూలి పోయె, బస్సు చార్జీ పోయె. అబద్ధం చెప్పినవాళ్ళెవరూ లేరు. అడిగినవన్నీ కావలసినవే. ఎవరి బల్లకి కావలసింది వారికే తెలుసు. మొత్తం తెలిసిన మనిషి ఆఫీసులోనే లేడు!

"ఇంకా ఏందన్నా కావాలంటే ఇప్పుడే చెప్పమ్మా. మళ్లా రావాలంటే ఉండే ఒక్క మేకపిల్లనీ అమ్ముకోవాల్సిందే" అంది నాతో.

బల్ల బల్లకీ తిరిగి అడగడానికి నాకు మూడు సాయంకాలాలు పట్టింది. ఏ పనికి ఏ కాగితాలు, అవి ఎక్కడ దొరుకుతాయి, ఎన్ని నకళ్ళు అన్నీ ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాశాను. ముసలామెకి చీటీ రాసిచ్చాను సరే, అట్ట గోడకి తగిలించడం దగ్గరే వచ్చింది చిక్కు.

హెడ్డుగుమాస్తాగారు చూసి, "చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే పెత్తనమా అమ్మా?" అన్నారు. ఉదయగిరి కోట కృష్ణదేవరాయలంతటివాడికే ఏడాదిన్నర ముట్టడి తర్వాత, 1514లో గాని లొంగలేదు. నేనెంత! అట్ట బీరువా మీద పెట్టి ఊరుకున్నాను. రెండు వారాలు పోయాక, "సార్, వచ్చిన మనిషే నాలుగుసార్లు వస్తుంటే రిజిస్టరు పని కూడా నాలుగింతలవుతోంది. ఇందులో తప్పులుంటే మీరొకసారి దిద్దుతారా?" అని అడిగాను. ఎర్రసిరాతో రెండుచోట్ల దిద్దారు. దిద్దాక అది ఆయన అట్ట అయిపోయింది. మర్నాడు మేకులు తెప్పించి వరండాలో ఆయనే కొట్టించారు. ఇనస్పెక్షనుకి వచ్చిన పెద్దాఫీసరుకి చూపించుకున్నారు కూడాను. "నీ తెలివి ఆయన పేరున జమ" అని మా వారు ఇప్పటికీ దెప్పుతారు. దెప్పనీండి. అట్ట గోడ ఎక్కిందా లేదా?

నేను అనుకోని చిక్కు ఇంకొకటి. ఆఫీసు ముందు వేపచెట్టు కింద అర్జీలు రాసి పొట్టపోసుకునే ఒకాయన ఉండేవాడు. అట్ట పెట్టాక ఆయన నా వంక చూడడం మానేశాడు. మనిషి నాలుగుసార్లు వస్తే ఆయనకి నాలుగు అర్జీలు మరి! ఒకరికి మేలు చేస్తూ ఇంకొకరి కూడు తీయడానికి నాకు మనసొప్పలేదు. అట్టకి నకలు రాసి ఆయన చేతికిచ్చాను. "ఒక్కసారే అన్నీ సరిగ్గా రాసిపెట్టండి. రెండు రూపాయలు ఎక్కువడిగినా ఎవరూ కాదనరు" అన్నాను. కొన్నాళ్ళకి జనం ముందు ఆయన దగ్గరికి వెళ్ళి, తర్వాతే లోపలికి వచ్చేవారు.

ముసలామె అయిదోసారి వచ్చి డబ్బు పుచ్చుకుని వెళ్ళింది. ఆ తర్వాత కనపడలేదు. మనిషి మళ్ళీ రాకపోతే సంతోషించవలసిన చోటు, ఆస్పత్రి తర్వాత ఆఫీసే గదా!

2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా కొత్త ఉద్యోగాలు వచ్చాయి. మా చెల్లెలి కూతురికీ ఒకటి దొరికింది, ఉదయగిరి దగ్గర పల్లెలో. నా అట్ట కథ చెబితే, "నీ కాలం వేరు పెద్దమ్మా. ఇప్పుడంతా కంప్యూటరే" అని నవ్వింది. కంప్యూటరుకి కూడా "రేపు రా" అనడం వచ్చునని దానికి నెల తిరక్కుండానే తెలిసింది. ఒకరోజు సర్వరు పనిచేయదు. ఇంకోరోజు, రాళ్ళు మోసీ కలుపు తీసీ అరిగిపోయిన వేళ్ళకి ముద్ర పడదు. కూలి మానుకుని వచ్చినవాళ్ళు మధ్యాహ్నందాకా అరుగు మీద కూర్చుని లేచిపోతారు.

నేనేమీ చెప్పలేదు. అదే ఒక నోటుబుక్కు పెట్టుకుంది. పేరు, పని, ఫోను నంబరు. ఫోను లేనివాళ్ళకి పక్కింటివాళ్ళది. సర్వరు వచ్చినప్పుడు ఫోను చేసి పిలిచేది. ముద్ర పడనివాళ్ళ పేరు పక్కన చిన్న చుక్క. వాళ్ళని పొద్దున్నే రమ్మని, చేతులు కడిగించి, పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టి చూసేది.

"ఈ పుస్తకం సంగతి మీ పైవాళ్ళకి చెప్పావుటే?" అని అడిగాను.

"ఇంకా లేదు పెద్దమ్మా. ముందు మా సెక్రటరీగారి చేత రెండుచోట్ల దిద్దించాలి గదా" అంది.