సముద్రతీరమున నాలుగు దినములు

మా గుడిబండ ప్రాంతమున నీటిని చూచుటకంటె నీటినిగూర్చి మాటలాడుట యెక్కువ. పాత అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చెఱువు నిండిన యేడు మాకు పండుగ. నిండని యేండ్లే పెక్కు. ఇట్టి యూరిలో మేము ఇరువదియేండ్లుగా పిల్లలచేత సముద్రమునకుగల పర్యాయపదములు వల్లెవేయించుచున్నాము. రత్నాకరము, అర్ణవము, పారావారము, అకూపారము అని వారు తడువుకొనకుండ చెప్పగలరు. వారిలో ఈదనేర్చినవా రెందఱని మే మెన్నడును అడుగలేదు. మాకును ఈత రాదు.

గడచిన సంక్రాంతి సెలవులలో అక్కగారిని, భార్యను, పదునాఱేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని హిందూపురములో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్సు ఎక్కి మఱునాటికి విశాఖపట్టణము చేరితిమి. అక్కగారు చిన్ననాటనే భర్తను పోగొట్టుకొని మాయింటనే కాలము గడపినవారు. అరువది దాటిన వయస్సున ఆమె సముద్రమును చూచుట యిదియే మొదలు.

మొదటిదినము రామకృష్ణా బీచికి పోయితిమి. 1969లో నౌకాదళమున చేరి, పని చాలించిన కుర్సురా యను జలాంతర్గామిని 2002లో అచ్చటి యిసుకపై ప్రదర్శనశాలగా చేసినారు. ఆ యిరుకులో మనుష్యులు నెలలతరబడి యెట్లు బ్రదికిరో యని అక్కగారు పలుమాఱు ఆశ్చర్యపడిరి. సాయంకాలము మురీమిక్చరు, మిరపకాయబజ్జీలు, నిప్పులపై కాల్చిన మొక్కజొన్నకండెలు తింటిమి. రాగిముద్దకు అలవడిన నాలుకకు ఆ యుప్పుగాలిలో కండెలు మిక్కిలి రుచించినవి. రెండవదినము 25 కిలోమీటర్ల దూరమునగల భీమిలికి బయలుదేఱితిమి. త్రోవలో తొట్లకొండపై బౌద్ధభిక్షువుల విహారశిథిలములను, ఎఱ్ఱమట్టిదిబ్బలను చూచి, గోస్తని సముద్రములో కలియుచోట కొంతసేపు కూర్చుంటిమి. అచ్చటి డచ్చివారి సమాధులను చూచినపుడు, ఎంతదూరమునుండియో సముద్రము దాటివచ్చి యీ యిసుకలో నిలిచిపోయిన వారిని తలచితిమి.

అసలు సంగతి మూడవదినమున ఋషికొండవద్ద జరిగినది. 2020లో నీలిజెండా గుర్తింపు పొందిన తీరమది. అచ్చట కొందఱు యువకులు పొడుగాటి పలకలపై నిలిచి కెరటములపై జాఱుచుండిరి. దీనినే సర్ఫింగందురు. లోతునీటిలో సాగివచ్చు అల ఒడ్డును సమీపించి, దాని యెత్తు నీటిలోతులో సుమారు ముప్పాతిక కాగానే తల ముందునకు వాల్చి విఱుగును. ఆ క్షణమునకు ముందు దానితో సమానవేగమున పలకను నడపగలిగినవానిని అల తానే మోసికొనిపోవును.

“నాయనా, నేనూ నేర్చుకుంటాను” అని మా పిల్ల అడిగినది.

“ప్రమాదము” అంటిమి.

చదువరులారా, అది నిజమైన కారణము కాదు. నేర్పువాడు ఎవ్వరో జాలారి యువకుడు. తడిబట్టలతో పదిమంది యెదుట ఆడపిల్ల. పలకపై నిలుపుటకు అతడు చేయి పట్టుకొనవలెను. స్త్రీవిద్యనుగూర్చి ఎన్నియో సభలలో ఉపన్యసించిన మేము ఈ సంకోచమునకు ప్రమాదమను మర్యాదగల పేరు పెట్టితిమి. పిల్ల మాఱుపలుకలేదు.

అక్కగారు కాళ్లు తడుపుకొందుననిరి. అలలు విఱుగుచోటు వదలి, నీరు తేటగా, నిశ్చలముగా కనబడినచోట ఆమెను దింపబోయితిమి. ఆ యువకుడు దూరమునుండి కేకవేసినాడు: “మాస్టారూ, ఆ సోట దిగకండి! కెరటం ఇరగని సోటే లాగేస్తాది!” అక్కగారు వెంటనే వెనుకకు జరిగిరి. ఇంత ప్రశాంతమైన నీటిలో భయమేమని మేము మాత్రము నాలుగడుగులు వేసితిమి. కాలిక్రింద ఇసుక కదలినది. రెండు నిమిషములలో నీరు మా ఱొమ్మువఱకు వచ్చినది. పిమ్మట నేల అందలేదు.

అతడు పలకతో వచ్చి పట్టుకొమ్మన్నాడు. ఒడ్డువైపునకు కాక, ఒడ్డువెంబడి ప్రక్కకు లాగుకొనిపోయి, అలలు విఱుగుచున్నచోటికి చేర్చి, ఆ యలలతోనే మమ్ము గట్టునకు తెచ్చినాడు. ఒడ్డున కొట్టిన నీరు మరలిపోవుటకు ఒక త్రోవ వెదకికొనుననియు, ఆ త్రోవలో అల విఱుగదు గనుక అది చూపునకు శాంతముగ నుండుననియు, అందు చిక్కినవాడు ఎదురీదక ప్రక్కకు తప్పుకొనవలెననియు తరువాత చెప్పినాడు. మాకున్న యే పట్టాలోను ఈ పాఠము లేదు.

అక్కగారు మాతో అన్న మాట యొక్కటే: “పిల్లకు నేర్పీయప్పా. నీకు రాకనే గదా యింతపని అయింది.”

ఆ రాత్రి నిదుర పట్టలేదు. పూర్వము హవాయి ద్వీపములలో రాజులు, సామాన్యులు, స్త్రీలు, పురుషులు అందఱును కెరటములపై ఆడుచుండిరి. 1820 మొదలు అమెరికానుండి వచ్చిన క్రైస్తవబోధకులకు అది మర్యాద తప్పిన పనిగ తోచినది, ఆట క్షీణించినది. 1912లో ఒలింపికు ఈతపందెమున స్వర్ణపతకము గెలిచిన డ్యూక్ కహనమోకు వంటివారు దానిని లోకమున మరల నిలిపిరి. 2021లో జరిగిన టోక్యో పందెములలో స్త్రీలకును అందు స్థానము కలిగినది. ఆ బోధకుల మాటకును ఆనాటి మా మాటకును భేద మేమి? సముద్రయానము పాతకమని మన పండితులు ప్రాయశ్చిత్తములు విధించుచున్న దినములలోనే ఈ తీరమునుండి పేదలు కూలికై రంగూనునకు ఓడ లెక్కుచుండిరి. మదరాసులో రేవు కట్టకమునుపు దూరమున నిలిచిన ఓడలనుండి దొరలను అలలు దాటించి తెచ్చినవి పలకలను త్రాళ్లతో కుట్టిన మసూలా పడవలు. నిషేధము గ్రంథములవారికి, సముద్రము జాలరులకు. ఆ విద్య వారియొద్ద నిలిచినది. మనకు పర్యాయపదములు మిగిలినవి.

నాలుగవనాటి యుదయమున పిల్ల పాఠము మొదలుపెట్టినది. మొదట ఇసుకపై పలక నుంచి పండుకొనుట, ఒక్క యూపున లేచుట. పిదప నడుములోతు నీటిలో పలుమాఱు పడుట. సుమారు ఇరువదవసారి ఆమె లేచి నిలిచినది. మేము మూడంకెలు లెక్కించునంతలో పడిపోయి, నోటినిండ ఉప్పునీటితో నవ్వినది. మా భార్య కన్నులు తుడుచుకొనుటను చూడనట్లు నటించితిమి.

ఆ యువకుడు పాఠమునకు రుసుము పుచ్చుకొన్నాడుగాని ముందునాటి సహాయమునకు ఏమియు పుచ్చుకొనలేదు. అతని తల్లి సమీపముననే చిన్న టీకొట్టు నడుపుచున్నది. పరుల చేతివంట ఎన్నడును ముట్టని మా యక్కగారు ఆమె యిచ్చిన వేడిపునుగులు తిని, “ఇంక రెండు వెయ్యమ్మా” యనిరి.

ఊరు చేరిన పిదప తరగతిలో ఈదనేర్చినవారు చేతు లెత్తుడంటిమి. ఇద్దఱు మగపిల్లలు ఎత్తిరి. ఆడపిల్ల ఒక్కతెయు ఎత్తలేదు. ఈ సారి చెఱువు నిండినచో ఆడపిల్లలకును ఈత నేర్పింతుమని తలిదండ్రులను సమావేశపఱచి చెప్పితిమి. కొంతసేపు ఎవ్వరును పలుకలేదు. తరువాత ఒక పెద్దమనిషి లేచి, “ప్రమాదము కదా, పంతులుగారూ” అన్నాడు. మా మాటయే మాకు మరలివచ్చినది. ఋషికొండలో జరిగినదంతయు దాపఱికము లేక మొదటినుండి వారికి చెప్పుటకు పూనుకొంటిమి.