ఆ నిచ్చెన ఇంకా తీయనివ్వకండి వదినా

వదినా, ఆ నిచ్చెన ఇంకా తీయనివ్వకండి. రేపు పొద్దున ఎనిమిదింటికి రాగిపని అబ్బాయి వస్తాడన్నారుగా. వచ్చి నిచ్చెన భుజాన వేసుకుని, మిగతా డబ్బుకి చెక్కు పుచ్చుకుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మనకి ఏది తోచినా ఎవరితో చెప్పుకుంటాం? ఇంకా రెండు గంటల వెలుగుంది. ఇలా కంచె దగ్గరకి రండి, ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం.

నిన్న సాయంత్రం మీరు కిటికీ మీది కొత్త రాగి కప్పు ఎలా ఉందని అడిగితే "ధగధగలాడిపోతోంది" అనేసి లోపలికి వెళ్ళాను. రాత్రంతా ఆ మాటే మనసులో మెదిలింది. కొత్త రాగి ఎవరు వేసినా ధగధగలాడుతుంది, చేతకానివాడు వేసినా అంతే. ఈ మెరుపు వచ్చే చలికాలం దాకా కూడా ఉండదు, పాత పెన్నీ రంగుకి దిగిపోతుంది. అప్పుడు మిగిలేవి మడతలే. ఆ మడతలు చూడకుండా మీకు మంచి మాట చెప్పడం నాకు నచ్చలేదు.

ముందు దూరం నుంచి చూడండి. మీ బే విండో గోడలోంచి మూడు ముఖాలుగా ముందుకొచ్చింది కాబట్టి పైన ఆ చిన్న కప్పుకీ మూడు పలకలు. మధ్య పలక మీద నిలువు మడతలు ఐదున్నాయి కదా. నడిమిది సరిగ్గా కిటికీ మధ్యకి సూటిగా ఉంది, అటు రెండు, ఇటు రెండు, ఒకే ఎడం. అంటే ఆ అబ్బాయి మధ్యలో గీత గీసుకుని రెండు పక్కలకీ కొలుచుకుంటూ వెళ్ళాడు. ఒక కొస నుంచి మొదలుపెట్టినవాడికి రెండో కొసన సన్నటి ముక్క మిగులుతుంది. ఎన్నేళ్ళయినా మన చూపు ముందు దాని మీదే పడుతుంది. పలకలు కలిసే ఆ రెండు మూల గీతలు కూడా చూడండి, పైనుంచి కిందిదాకా ఎక్కడా వంకర పోలేదు.

రేకు మీద నీళ్ళల్లో నీడ కదిలినట్టు అలలున్నాయని అన్నయ్యగారు బాధపడ్డారట. పల్చటి రేకు వెడల్పుగా పరిస్తే అలా కొంచెం ఉబ్బెత్తు రావడం మామూలే, దాన్ని వీళ్ళు ఆయిల్ క్యానింగ్ అంటారు. అందులోంచి చుక్క నీరు దిగదు, రంగు మారితే అంతగా కనిపించదు కూడా. ఆ వేలిముద్రల మచ్చలూ అంతే, రాగి గోధుమరంగు తిరిగేసరికి కలిసిపోతాయి. వీటి కోసం ఆ అబ్బాయితో మాట పెంచుకోవద్దని చెప్పండి.

గేటు తీయండి, వస్తున్నా. మీరు నిచ్చెన గట్టిగా పట్టుకోండి, నేను ఎక్కుతాను.

చూరు అంచు కింద వేలు పెట్టి చూస్తున్నా వదినా. ఎక్కడా గీసుకోలేదు. కత్తిరించిన అంచుని అర అంగుళం లోపలికి మడిచి, ముందే కొట్టిన పట్టీకి కొక్కెంలా తగిలించాడు. అలా మడిస్తేనే అంచుకి బిగువు వస్తుంది, గాలికి లేవదు, నీటిచుక్క కర్రకి అంటుకోకుండా ఎడంగా పడుతుంది. నిలువు మడత అంగుళం ఎత్తుంది. పక్కపక్క రేకుల అంచులు రెండూ నిలబెట్టి, ఒకదాని మీదుగా ఒకటి రెండు సార్లు తిప్పాడు. మా ఊళ్ళో కిరాణా కొట్టు తాతగారు పంచదార పొట్లం అంచు రెండు మడతలు వేసి నొక్కేవారు, ఇంటిదాకా ఒక్క పలుకు రాలేది కాదు. ఇదీ అంతే, నీరు లోపలికి దారి వెతుక్కోవాలంటే పైకెక్కి రెండు మలుపులు తిరగాలి. చూరు దగ్గర మడత కొసని కూడా నాలుకలా మడిచి రేకుతోనే మూశాడు. తొందరపడేవాడైతే అక్కడ కత్తిరించేసి, కన్నంలో కాల్కింగ్ అనే జిగురు ముద్ద కూరేస్తాడు.

ఒక్క మేకు తల కనపడటం లేదు. ఇది చూస్తుంటే నాకెంత ఊరటగా ఉందో! మేకులన్నీ మడతల లోపల దాగిన చిన్న రాగి పట్టీలకే. క్లీట్లంటారు, సుమారు అడుగుకొకటి వేస్తారు. రేకుకి నేరుగా మేకు కొట్టకూడదు, ఎందుకంటే రాగి కదులుతుంది. పది అడుగుల రేకు, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా వస్తే అంగుళంలో ఎనిమిదో వంతు సాగుతుంది. మన మసాచుసెట్స్‌లో జనవరి రాత్రికీ జులై మధ్యాహ్నం కాగిన రేకుకీ ఆ తేడా ఎక్కడికి పోతుంది? మేకు కదలనివ్వదు, రేకు ఆగదు. చివరికి మేకు చుట్టూ కన్నం పెద్దదవుతుంది.

మా ఇంటి కథ మీకు పూర్తిగా చెప్పలేదు. ఆరేళ్ళ కిందట మేం ఇలాంటి రాగి కప్పు వేయించినప్పుడు నాకు ఇవేవీ తెలియవు. వచ్చిన పనివాడు రేకు మీదే వరసగా మేకులు కొట్టి, ప్రతి మేకు తల మీదా కాల్కింగ్ బొట్టు పెట్టాడు. మెరుస్తోందని నేనే కాఫీ ఇచ్చి, ఫొటో తీసి అమ్మకి పంపించాను. మూడో చలికాలం, కిటికీ కింద బల్ల మీద కూర్చుని చదువుకుంటున్న మా చిన్నది "అమ్మా, పైన టీ మరక" అంది. కప్పు విప్పి చూస్తే జింకు పూసిన ఇనుప మేకులు సూదుల్లా తరిగిపోయి ఉన్నాయి, కింద ప్లైవుడ్ పాలల్లో నానిన రస్కులా విడిపోయింది. అతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మొత్తం కొత్తగా వేయించాల్సివచ్చింది. ఆ రెండోసారి వచ్చిన పెద్దాయన పక్కన నిలబడి, ప్రతిదీ ఎందుకు అలా చేస్తున్నారో అడిగి నేర్చుకున్నాను.

రాగీ ఇనుమూ తడిలో ఒకదానికొకటి తగిలితే ఇనుము తినేయబడుతుందని ఆయనే చెప్పారు. లిబర్టీ విగ్రహానికి జరిగిందీ అదే. 1886లో నిలబెట్టారు. పైన 2.4 మిల్లీమీటర్ల రాగి తొడుగు, లోపల దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీలు. రెండూ తగలకుండా మధ్యలో లక్క పూసిన ఆస్బెస్టాస్ పెట్టారు. అది చివికిపోయాక ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, రివెట్లని ఊడబెరికింది. 1986 శతజయంతికి ఆ పట్టీలన్నీ తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. అందుకే రేపు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, లోపల కొట్టినవి రాగి మేకులేనా అని. ఒక మేకు చేతికివ్వమనండి, అయస్కాంతం పెట్టి చూద్దాం. అంటుకుంటే రాగి కాదు.

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నా. కప్పు గోడని కలిసే చోటు. చిన్న కప్పులు ఎక్కువగా కారేది నడిమధ్యన కాదు, ఈ కలయిక దగ్గరే. మీది ఇటుక గోడ. ఇటుక నీళ్ళు పీల్చుకుంటుంది, గోడ ముఖం మీంచి కూడా వాన జారుతుంది. కాబట్టి ఇక్కడ రెండు రేకులుండాలి. ఒకటి కప్పు మీంచి లేచి గోడ వెంట నాలుగంగుళాలైనా పైకి వెళ్ళాలి. రెండోది ఇటుకల మధ్య సున్నపు వరసలోంచి బయటికొచ్చి దాని మీద చీరకొంగులా కప్పాలి. రెంటినీ కలిపి అతికించకూడదు, ఎందుకంటే గోడ కదలదు, కప్పు కదులుతుంది. ఒకదాని మీద ఒకటి జారే వీలుండాలి. పై రేకు సున్నపు వరసలోకి అంగుళం లోతు దూరాలి. గోడ ముఖానికి ఆనించి పైన కాల్కింగ్ గీత లాగేవాళ్ళే ఎక్కువ. ఆ గీత కొన్నేళ్ళకి ఎండి పగిలి, నీళ్ళు రేకు వెనక్కి పోవడానికి గరాటులా తయారవుతుంది.

గోటితో గీరి చూస్తున్నా. మీ రాగిపని అబ్బాయి వరస కోశాడు వదినా! రేకు లోపలికి దూరింది, అక్కడక్కడా సీసం ముక్కలు దిగ్గొట్టి బిగించాడు, ఆ తర్వాతే పైన మూశాడు. పక్క పలకల దగ్గర కప్పు వాలుగా ఉంటుంది కాబట్టి రేకుని మెట్లు మెట్లుగా ఇటుక వరసలకి అందించాడు. ఈ ఒక్క పనికే అరరోజు పట్టి ఉంటుంది. బుధవారం అంతసేపు గోడ దగ్గరే ఏం చేస్తున్నాడని విసుక్కున్నారు మీరు, ఇదీ చేస్తున్నది.

టంకం చూస్తే నాకు చిన్నప్పుడు మా వీధిలోకొచ్చే కళాయి సాయిబు గుర్తొచ్చాడు. బొగ్గుల మీద గిన్నె కాగాక నవాసారం చల్లేవాడు, తెల్లటి పొగ లేచేది, తగరం ముక్క తాకిస్తే గిన్నంతా వెన్నెల పరుచుకున్నట్టు అయ్యేది. మా ఇంటికి రెండోసారి వచ్చిన పెద్దాయన పెట్టెలో కూడా అదే నవాసారం దిమ్మ కనిపించింది. టంకం వేసే రాగి కడ్డీ కొసని దాని మీద రుద్ది శుభ్రం చేసుకున్నారు. రాగి అంచులు రెంటికీ ముందే కళాయి పూసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, టంకం కరిగి అతుకు లోపలి కొసదాకా పీల్చుకునేలా కాచాలి. మంచి అతుకు నునుపుగా, సన్నగా ఉంటుంది. పైన ముద్దలు ముద్దలుగా ఉంటే వేడి చాలలేదన్నమాట. కుడి మూల టంకం చక్కగా ఉంది.

ఎడమ మూల మాత్రం అలా లేదు.

కాస్త ఇటు జరిగి చూడండి. చూరు దగ్గర, రెండు పలకల మడతలూ అంచూ మూడూ కలిసే చోట, పారదర్శకంగా మెరుస్తోంది చూశారా, అది కాల్కింగ్. చీకటి పడిందో, గ్యాసు అయిపోయిందో, ఇక్కడ టంకం వేయలేదు. కిందున్న తెల్ల కర్రకి మీరు అల్యూమినియం తొడిగించారు కూడా. రాగి మీదుగా వచ్చిన నీళ్ళు చుక్కచుక్కగా అల్యూమినియం మీద పడితే దాన్ని కొరికేస్తాయి. మిగతా వైపుల అంచు ముందుకు పొడుచుకుని ఉంది కాబట్టి పర్వాలేదు, ఈ మూలే వెనక్కి నొక్కుకుపోయింది. రేపు ఆ కాల్కింగ్ పూర్తిగా గీకించి, అంచు సరిచేయించి, టంకం వేయించండి. కోపంగా అడగకండి వదినా. ఇంత పని చేసినవాడికి చూపిస్తే చాలు, తనకే తెలుస్తుంది.

దిగుతున్నా, పట్టుకోండి. రాగి కింద ఏం పరిచాడో ఇప్పుడు కనపడదు. వేసేటప్పుడు తీసిన ఫొటోలుంటే చూపించమనండి. వేడిని తట్టుకునే రకం పొర ఒకటి, దాని మీద రేకు జారడానికి కాగితం పొర ఉండాలి. బిల్లులో ఎన్ని ఔన్సుల రాగి అని రాశాడు? పదహారంటే చదరపు అడుగుకి పదహారు ఔన్సుల బరువు, మందం అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. ఇంత చిన్న కప్పుకి అది చాలు. ఇరవై అని డబ్బు పుచ్చుకుంటే మటుకు ఇరవయ్యే వేయాలి, మిగిలిన ముక్క ఒకటి అడిగి ఉంచుకోండి.

మీ అత్తయ్యగారు పండక్కి చింతపండుతో తోమిద్దామన్నారట. చేతులెత్తి దణ్ణం పెట్టి వద్దని చెప్పండి. చెంబు మీద చిలుము పట్టనివ్వం, నిజమే, అందులో తాగుతాం కాబట్టి. ఇక్కడ ఆ పొరే కింది రాగిని కాపాడుతుంది. గోధుమరంగు, నలుపు, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి ఆకుపచ్చ. తాళ్ళపాక వారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమలలో ఐదు వందల ఏళ్ళు నిలిచాయని చెప్తే ఆవిడకి లోహం మీద గురి కుదురుతుంది. అవి రాతి అరలో భద్రంగా ఉండేవనుకోండి, మన రేకు మంచులో ఉంటుంది. చుట్టాలొస్తే బోస్టన్‌లో చూపిస్తామే బంగారు గుమ్మటం, స్టేట్ హౌస్‌ది, దానికి మొదట చెక్క పెంకులుండేవి. 1802లో పాల్ రివీర్ మిల్లు రాగి వేశాక, 1874లో బంగారు రేకు అద్దారు. ఈ ఊరి వానకీ మంచుకీ రాగి కొత్తది కాదు.

రేపు ఆ మూల టంకం అయ్యాక, చెక్కు ఇచ్చే ముందు నీళ్ళు పట్టి చూద్దాం. ముందు చూరు దగ్గర పది నిమిషాలు, తర్వాత మడతల మీద, గోడ కలయిక ఆఖరున. కింద నుంచి పైకి వెళితేనే తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. మా పైపు పొడుగుది, కంచె మీదుగా అందిస్తాను. అన్నయ్యగారిని పైపు పట్టమనండి, మీరు లోపల టార్చిలైటుతో కూర్చోండి. తడి కనిపిస్తే అద్దం మీద కొట్టండి, నేను ఇక్కడే ఉంటాను.