నీలి తెర చేతులు మారిన కథ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ ఆదివారం చికెన్ గురించి, తాళం పోయిన ట్రంకు పెట్టెల గురించి నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని, మనలో కంప్యూటర్లు చదివిన ప్రతి ఒక్కరూ చూసిన ఒక నీలి తెర గురించి రాస్తున్నాను.

టర్బో సి తెర అది. డిగ్రీ మొదటి ఏడాది ల్యాబ్‌లో నేను మొట్టమొదట ముట్టుకున్న కంప్యూటర్ మీద ఆ తెరే ఉంది. మెషీన్లో విండోస్ 10 ఉన్నా, టర్బో సి పాత డాస్ కాలంనాటిది కాబట్టి దాన్ని డాస్‌బాక్స్ అనే మరో ప్రోగ్రాం లోపల నడిపేవారు. ప్రోగ్రాం రాశాక రన్ చేయడానికి కంట్రోల్ ఎఫ్9 నొక్కాలని సార్ బోర్డు మీద రాశారు. నేను నొక్కాను. మొత్తం విండో మాయమైపోయింది. అరగంట కష్టపడి టైపు చేసింది కూడా దానితోపాటే పోయింది. ఏదో పాడు చేశానని, డబ్బు కట్టమంటారని భయపడి, ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను. తర్వాత తెలిసిందేమిటంటే, టర్బో సి లో కంట్రోల్ ఎఫ్9 అంటే ప్రోగ్రాం నడుపు అని అర్థం, డాస్‌బాక్స్‌లో అదే మీట నొక్కితే దుకాణం మూసెయ్ అని అర్థం. తమ్ముళ్లూ, మీకూ ఇలాగే జరిగితే భయపడకండి, రన్ మెనూలోకి వెళ్లి నడుపుకోండి.

ఇంత పాత సామాను మనకెందుకు మిగిలింది, దీన్ని తయారుచేసినవాళ్లు ఏమయ్యారు అనే ప్రశ్న నాకు అప్పుడు రాలేదు. పీజీ చివరి సెమిస్టరులో వచ్చింది. అప్పుడు ప్రాజెక్టు కోసం మా జిల్లా కేంద్రంలో ఉన్న ఒక చిన్న సంస్థలో చేరాను. కాటాలకు, అంటే లారీలను తూచే వే బ్రిడ్జిలకు, వాళ్లు సాఫ్ట్‌వేర్ చేస్తారు. అది డెల్ఫీ 7 లో రాసి ఉంది. డెల్ఫీ 7 వచ్చింది 2002లో, నేను పుట్టిన ఏడాది. క్లాసులో ఈ మాట చెబితే, "డెల్ఫీయా? అదింకా బతికే ఉందా?" అని నవ్వారు. ఆ నవ్వుకు జవాబు కోసం వెతికితే తేలిందేమిటంటే, డెల్ఫీ, టర్బో సి ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇంటి పేరు బోర్లాండ్.

ఫ్రాన్స్‌లో లెక్కలు బోధించి అమెరికా చేరిన ఫిలిప్ కాన్ 1983లో కాలిఫోర్నియాలో బోర్లాండ్‌ను నిలబెట్టారు. మొదటి సరుకు టర్బో పాస్కల్. దాని కంపైలర్ రాసింది డెన్మార్క్ యువకుడు ఆండర్స్ హెయిల్స్‌బర్గ్. ధర 49 డాలర్ల 95 సెంట్లు. అప్పట్లో ఇలాంటివాటికి వందల డాలర్లు పెట్టాల్సి వచ్చేది. పైగా రాయడానికి ఒకటి, కంపైల్ చేయడానికి ఇంకొకటి అని లేకుండా, అన్నీ ఒక్క తెరలోనే ఉండేవి. లైసెన్సు షరతు నాకు మరీ నచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఒక పుస్తకంలాగా వాడుకోండి, ఎవరి చేతికైనా ఇవ్వవచ్చు, ఒకేసారి ఇద్దరు చదవకుండా ఉంటే చాలు అన్నారు. ఒక్క టెక్స్ట్ బుక్‌ను ఎనిమిది మంది వంతులవారీగా చదివే మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1987లో టర్బో సి వచ్చింది. ఆ వరసలోదే మన నీలి తెర.

అంత చక్కగా సాగుతున్న కంపెనీ దెబ్బతిన్నది పెద్దరికం కోసం పోయి అని నా అభిప్రాయం. 1991లో డీబేస్ తయారుచేసే ఆష్టన్ టేట్ కంపెనీని సుమారు 44 కోట్ల డాలర్ల విలువకు కొన్నారు. అంతలోనే లోకం డాస్ నుంచి విండోస్‌కు మారిపోయింది. కొన్న సరుకు పాతబడింది. 1995 మొదట్లో కాన్ అధిపతి పదవి నుంచి దిగిపోయారు. వింత ఏమిటంటే, అదే ఏడాది ఫిబ్రవరిలో వాళ్ల సరుకుల్లోకెల్లా మంచిదని నేననుకునే డెల్ఫీ విడుదలయింది. మరుసటి సంవత్సరం హెయిల్స్‌బర్గ్ మైక్రోసాఫ్ట్‌కు వెళ్లిపోయారు. సి షార్ప్ భాష వెనుక ఉన్నది ఆయనే. 1998లో బోర్లాండ్ తన పేరే మార్చుకుని ఇన్‌ప్రైజ్ అయింది, 2001లో మళ్లీ పాత పేరుకే వచ్చింది.

ఇక అమ్మకం సంగతి. 2006 ఫిబ్రవరిలో డెల్ఫీ, సి++ బిల్డర్, జేబిల్డర్ లాంటి ప్రోగ్రామింగ్ పనిముట్ల విభాగం మొత్తాన్ని అమ్మేస్తామని బోర్లాండ్ ప్రకటించింది. ఏ పనిముట్లతో పేరు వచ్చిందో వాటినే. కారణం లేకపోలేదు. జావాకు ఎక్లిప్స్ ఉచితంగా దొరుకుతోంది, మైక్రోసాఫ్ట్ కూడా విజువల్ స్టూడియోలో చిన్న రకాలను ఉచితంగా ఇవ్వసాగింది. ఉచితంగా వచ్చేదానికి డబ్బు పెట్టేదెవరు? పెద్ద కంపెనీలకు సాఫ్ట్‌వేర్ తయారీ పర్యవేక్షణ సరంజామా అమ్మితే లాభమని వాళ్లు లెక్క వేసుకున్నారు. లెక్కగా చూస్తే తప్పు పట్టలేం. కానీ ఆ పనిముట్ల మీద పదేళ్లు కొలువు చేసినవాళ్ల సంగతి ఆలోచించండి. తాము రాసిన లక్షల వరుసల కోడ్‌కు రేపు ఎవరు దిక్కో తెలియదు. ఆ ఏడాదే టర్బో అన్న పాత పేరును బయటికి తీసి, టర్బో డెల్ఫీ, టర్బో సి++ అని ఉచిత రకాలు కూడా వదిలారు. ఇల్లు అమ్మకానికి పెట్టి వెల్ల వేయించినట్టు నాకనిపించింది.

తొమ్మిది నెలలు గడిచినా అమ్మకం కుదరలేదు. నవంబరులో అమ్మకం మాట విరమించుకుని, కోడ్‌గేర్ అనే అనుబంధ కంపెనీగా వేరుకాపురం పెట్టించారు. చివరకు 2008 మే నెలలో ఎంబార్కడెరో అనే కంపెనీ కొనడానికి ఒప్పందం ప్రకటించింది. అది డేటాబేస్ పనిముట్లు చేసే సంస్థ, బోర్లాండ్ అంత పేరున్నదేమీ కాదు. ధర సుమారు 2.3 కోట్ల డాలర్లు. ఆష్టన్ టేట్‌ను ఎంతకు కొన్నారో పైకి వెళ్లి మళ్లీ చూడండి. కొత్త దారి పట్టిన బోర్లాండ్ కూడా మరుసటి ఏడాదే మైక్రో ఫోకస్ చేతికి పోయింది. అమ్ముడైన పనిముట్లలో డెల్ఫీ, సి++ బిల్డర్ మాత్రం ఇవాళ్టికీ కొత్త వెర్షన్లతో వస్తున్నాయి.

2008 ఆగస్టులో వచ్చిన డెల్ఫీ 2009లో యూనికోడ్ పూర్తిగా చేర్చారు. దీని విలువ నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మా కాటా ప్రోగ్రాంలో రైతు పేరు తెలుగులో కొడితే అన్నీ ప్రశ్నార్థకాలే వచ్చేవి. పాత డెల్ఫీలో అక్షరమంటే ఒక బైటు, అందులో తెలుగుకు చోటు లేదు. అందుకే చీటీలన్నీ ఇంగ్లీషులో. మా నాన్న రైసు మిల్లులో హమాలీ. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు రాదు. ఎవరి చీటీ ఎవరిదో గుమాస్తా చదివి చెప్పాల్సిందే, ఒక్కోసారి చీటీలు తారుమారయ్యేవి. ఆ మిల్లు కాటాకు వాడేది మా సంస్థ ప్రోగ్రామే అని నాకు చేరాకే తెలిసింది.

ప్రోగ్రాంను కొత్త డెల్ఫీలోకి మార్చే పని నాకు ఇచ్చారు. రాత్రిపూట నేర్చుకోవడానికి ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ ఉంది. మొదటి రోజే తెలుగు పేర్లు బ్రహ్మాండంగా కనిపించాయి. కానీ బరువు దగ్గర కిలోల బదులు చైనా అక్షరాలు వచ్చాయి! ఇండికేటర్ నుంచి తీగ మీద వచ్చే అంకె ఒక్కొక్కటి ఒక్క బైటు. కొత్త డెల్ఫీలో అక్షరం రెండు బైట్లు. రెండేసి అంకెలు కలిసిపోయి ఒక చైనా గుర్తు అవుతున్నాయి. ఆ ఒక్క చోట అక్షరాన్ని పాత రకంగానే ఉంచాలని కనిపెట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఈ బతికి బట్టకట్టడం సంపూర్ణమని నేను అనను. 2011లో 64 బిట్, 2013లో ఆండ్రాయిడ్ చేరాయి, 2015లో ఎంబార్కడెరోనే ఐడెరా అనే సంస్థ కొనేసింది. కానీ కమ్యూనిటీ ఎడిషన్ వచ్చేసరికి 2018. పది డాలర్లు తక్కువ అరవైకి అమ్మి మొదలైన వంశం కదా, పిల్లలకు చౌకగా ఇవ్వాలన్న సంగతి ఇంత ఆలస్యంగా గుర్తుకు రావాలా? ఆలోపు ఒక తరం విద్యార్థులు వేరే భాషలకు వెళ్లిపోయారు. అందుకే నా స్నేహితులు నవ్వారు. వాళ్లలో నలుగురు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నారు, నాకన్నా ఎక్కువ జీతం. నేను ప్రాజెక్టు అయ్యాక అదే సంస్థలో ఉద్యోగంలో చేరాను. రెండేళ్లు చూద్దామని అనుకున్నాను. తప్పు చేశానా అని అనిపించే రోజులు లేకపోలేదు.

మొన్న సంక్రాంతి ముందు మిల్లులో కొత్త ప్రోగ్రాం పెట్టాం. మొదటి చీటీ గుమాస్తా నాన్న చేతికే ఇచ్చాడు. నాన్న దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "వెంకటేశ్వర్లు అనే ఉంది గానీ, కింద ఒత్తులేవిరా?" అన్నాడు. నిజమే, వరుస ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేటట్టు పెట్టిందే ఉంచేశాను, కింది ఒత్తులన్నీ తెగిపోయాయి. సోమవారం వెళ్లి సరిచేయాలి.